ఉపవాసానికి ముందు రోజు: గరిజెలు, పోంచ్కీలు

మొన్న సంక్రాంతికి ఆలేరు వెళ్ళినప్పుడు అమ్మ గరిజెలు చేస్తూ ఉంది. నేను పక్కన పీట మీద కూర్చుని ఫోన్లో ఒక ఫొటో చూపించా. గుండ్రంగా, బంగారు రంగులో, నడుం చుట్టూ తెల్లటి గీతతో, పైన చక్కెర పొడి చల్లిన ఒక పిండివంట. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "గిది బూరె గాదా బిడ్డా?" అంది. లోపల పండ్ల జామ్ ఉంటది అన్నా. "అయితే పొంగిన గరిజె" అని తేల్చేసింది. రెండేళ్ళు అమెరికాలో ఉండి నేను ఇవ్వలేకపోయిన డెఫినిషన్ అమ్మ రెండు ముక్కల్లో ఇచ్చేసింది :)

(కోస్తా మిత్రులకి: గరిజె అంటే మీ కజ్జికాయే. మరాఠీ వాళ్ళ కరంజి, ఉత్తరాది గుజియా, అన్నీ ఒకే కుటుంబం లాగే కనిపిస్తాయి. చిన్న పూరీ ఒత్తి, మధ్యలో తీపి పొడి పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, అంచు నొక్కి నూనెలో వేయించాలి.)

ఫొటోలో ఉన్నది పోలండ్ వాళ్ళ పోంచ్కి. దాని వెనక ఉన్న చరిత్ర తవ్వుతూ పోతే అది ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ మా ఇంటి పొయ్యి దగ్గరికే వచ్చింది. అందుకే ఈ టపా.

నేను డెట్రాయిట్ పక్కన ఒక ఆటో కంపెనీ ప్రాజెక్టులో పని చేశాను. 2024 ఫిబ్రవరి 13, మంగళవారం. పొద్దున్నే స్టాండప్ మీటింగుకి వెళ్తే టేబుల్ మీద ఆరు అట్టపెట్టెలు. తెచ్చింది మా టీంలో ఒక పెద్దాయన, పోలిష్ కుటుంబం. నేను "ఓ, డోనట్సా?" అన్నా. ఆయన మొహం చూడాలి అప్పుడు! మనింటికొచ్చి ఎవరైనా సకినాలను చూసి "ఓ, మురుకులా?" అంటే మనకెలా ఉంటుందో అలా పెట్టాడు. సరే అని ఒకటి తీసుకుని కొరికితే లోపల గులాబీ రేకుల జామ్. గుల్కంద్ తిని పెరిగిన నోటికి అది పరాయి రుచి అనిపించలేదు.

ఆ రోజే ఎందుకు తెచ్చాడు? మర్నాడు ఆష్ వెన్స్‌డే. అక్కడినుంచి ఈస్టర్ దాకా క్రైస్తవులకు లెంట్. లెక్కపెడితే 46 రోజులొస్తాయి, కానీ 40 అంటారు. ఆదివారాలు కలపరు. మనం స్ప్రింట్ ప్లాన్ చేసేటప్పుడు హాలిడేలు తీసేసి లెక్కేసినట్టు అన్నమాట. ఈ రోజుల్లో క్యాథలిక్కులకు నియమాలు బాగా సడలాయి. ఆష్ వెన్స్‌డే, గుడ్ ఫ్రైడే ఉపవాసం, శుక్రవారాలు మాంసం మానేయడం.. అంతే. మధ్యయుగాల్లో అలా కాదు. మాంసం ఒక్కటే కాదు, గుడ్లు, పాలు, వెన్న, కొవ్వు అన్నీ బంద్. ఫ్రిజ్ లేని కాలం. ఇంట్లో ఉన్న కొవ్వు, గుడ్లు నలభై రోజులు ఎక్కడ దాస్తారు? కాబట్టి లెంట్ మొదలయ్యేలోపు అన్నీ కలిపి పిండిలో వేసి వేయించి తినేసేవాళ్ళు. పోంచ్కి పుట్టింది భక్తిలోంచి ఎంత పుట్టిందో, స్టాక్ క్లియరెన్స్‌లోంచి అంతే పుట్టింది.

ఇది విని నవ్వే హక్కు మనకి లేదు. శ్రావణం వస్తోందంటే ఆషాఢం ఆఖరి ఆదివారం మన చికెన్ షాపుల ముందు లైన్లు చూడలేదూ? అయ్యప్ప మాల వేసుకునే ముందు రోజు స్నేహితులతో "ఇవాళ ఆఖరు" అని కూర్చున్నవాళ్ళు ఎంతమంది లేరు? మహారాష్ట్రలో అయితే శ్రావణానికి ముందు అమావాస్యకి గటారీ అనే పేరే ఉంది. ముందు నలభై రోజుల గేటు కనిపిస్తే గేటు ఇవతల మనిషి ఎక్కడైనా ఒకేలా ప్రవర్తిస్తాడు.

ఇక పోంచ్కి పూర్వీకుల సంగతి. మొదట్లో ఇది తీపి వంట కాదు. బ్రెడ్డు పిండిలో పంది కొవ్వు ముక్కలు పెట్టి వేయించేవాళ్ళు, గట్టిగా ఉండేది. 18వ శతాబ్దంలో పోలండ్‌ని మూడో ఆగస్టస్ ఏలాడు (1733-1763). ఆయన కాలం నాటి ఆచార వ్యవహారాల గురించి కిటోవిచ్ అనే ఒక మతగురువు పెద్ద పుస్తకం రాశాడు. అందులో పోంచ్కిల ప్రస్తావన ఉంది. పాతకాలం పోంచ్కి విసిరి కంటికి కొడితే కన్ను కమిలిపోయేదట, ఇప్పటివి గాలి వీస్తే పళ్ళెంలోంచి ఎగిరిపోయేంత తేలిక అయ్యాయట. ఫ్రెంచి వంటవాళ్ళ ప్రభావంతో పోలిష్ వంట మారిన కాలం అది. సరిగ్గా అదే కాలంలో, 1748లో, మన దగ్గర మొదటి నిజాం చనిపోయాడు. అక్కడ రాజు వంటింట్లోకి ఫ్రెంచి వాళ్ళు వచ్చినట్టే ఇక్కడ నిజాం వంటింట్లోకి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. ఇవాళ మనం "మన సంప్రదాయం" అని గుండెలు బాదుకునే వంటల్లో సగం అలా ఎవరో మార్చేసినవే.

రెండో మార్పు చక్కెర. తేనె, చెరకు చక్కెర రెండూ ఐరోపాలో పేదవాడికి అందేవి కాదు. 1802 ప్రాంతంలో ఇప్పటి పోలండ్‌లో ఉన్న సైలీషియాలో బీట్‌రూట్ జాతి దుంప నుంచి చక్కెర తీసే తొలి ఫ్యాక్టరీ మొదలైంది. ఆ తర్వాత వందేళ్ళలో చక్కెర మామూలు మనిషి వంటింట్లోకి వచ్చింది. మా ఇంట్లోనూ ఇదే కథ. నానమ్మ గరిజెలు బెల్లంతో చేసేది, అమ్మ చక్కెరతో చేస్తుంది. ఆ రెంటి మధ్య 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ లాంటివి ఉన్నాయి. (ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. గరిజె మాత్రం మళ్ళీ బెల్లానికి పోలేదు.)

పేరు సంగతి కూడా చెప్పేస్తా. పోలిష్‌లో "పోంక్" అంటే మొగ్గ. పోంచెక్ అంటే చిన్న మొగ్గ, పోంచ్కి దాని బహువచనం. అంటే "పోంచ్కీలు" అని నేను రాసేది "సకినాలులు" అన్నట్టు తప్పే, క్షమించాలి. పిండిలో గుడ్డు సొన, వెన్న, పాలు, ఈస్ట్‌తో పాటు ఒక చెంచా ఘాటైన సారా కలుపుతారు. వేగేటప్పుడు అది ఆవిరై నూనె లోపలికి పీల్చకుండా చేస్తుందని వాళ్ళ లెక్క. బాగా పొంగిన పిండి నూనెలో తేలుతుంది కాబట్టి నడుం చుట్టూ తెల్లగా గీత మిగులుతుంది. ఆ గీత లేకపోతే పాసవ్వనట్టే. మా అమ్మ గరిజె అంచు చూసి చేసినవాళ్ళ చేతివాటం చెప్పినట్టు.

పోలండ్‌లో ఈ పండగ మంగళవారం కాదు, దానికి ముందు వచ్చే గురువారం. "కొవ్వు గురువారం" అనొచ్చు. అమెరికా వచ్చాక అది ఆఖరి రోజైన మంగళవారానికి జరిగింది. ఊరంతా మార్డి గ్రా అని మంగళవారం చేసుకుంటుంటే వీళ్ళదీ అందులో కలిసిపోయింది. మనవాళ్ళు ఉగాదిని, బతుకమ్మని దగ్గరలో ఉన్న శనివారానికి జరిపి స్కూల్ ఆడిటోరియంలో చేసుకున్నట్టే. కుదిరిన రోజే పండగ.

ఆ మంగళవారానికి రాజధాని హామ్‌ట్రామిక్. డెట్రాయిట్ నగరం మధ్యలో ద్వీపంలా ఉండే రెండు చదరపు మైళ్ళ చిన్న ఊరు. 1910లో అక్కడ డాడ్జ్ సోదరులు కార్ల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ ఏడాది జనాభా 3,559. 1920 లెక్కల్లో 48,615! పదేళ్ళలో పదమూడు రెట్లు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత మాదాపూర్‌ని చూసినవాళ్ళకి ఆ ఊపు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పోలిష్ పల్లెల రైతు బిడ్డలు. వాళ్ళతో పాటు చర్చి వచ్చింది, బేకరీ వచ్చింది. ఇంట్లో అమ్మలు చేసే పోంచ్కి అక్కడ దుకాణం సరుకయ్యింది. షిఫ్టుల్లో పనిచేసే ఇంట్లో పిండి పులియబెట్టే తీరిక ఎవరికుంటుంది?

డాడ్జ్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఆ మరుసటి ఏడాది జరిగింది ఇంకా పెద్దది. ఆ ఫ్యాక్టరీ స్థలంతో పాటు పక్కనే డెట్రాయిట్ పరిధిలో ఉన్న పోల్‌టౌన్ అనే పేటని జనరల్ మోటార్స్ కొత్త ప్లాంటు కోసం సేకరించారు. సుమారు 4,200 మంది ఖాళీ చేయాల్సి వచ్చింది. దాదాపు 1,300 ఇళ్ళు, 140 వ్యాపారాలు, ఆరు చర్చిలు పోయాయి. ఒక చర్చిలో జనం వారాల తరబడి బైఠాయించారు, చివరికి పోలీసులు వచ్చి ఖాళీ చేయించి కూల్చేశారు. ఉద్యోగాలొస్తాయి కాబట్టి ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకున్నా అది ప్రజోపయోగమే అని 1981లో మిచిగన్ సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 2004లో ఇంకో కేసులో ఆ వాదన తప్పని ఒప్పుకుంది. ఇరవై మూడేళ్ళ తర్వాత. ఇళ్ళు అప్పటికి ఎక్కడున్నాయి?

ఇది చదివినప్పుడు నాకు బస్వాపూర్ రిజర్వాయర్ కింద పోయిన బీఎన్ తిమ్మాపూర్ గుర్తొచ్చింది. మా ఆలేరుకి దూరమేం కాదు, భువనగిరి పక్కన. నీళ్ళు కావాలి, ఉద్యోగాలు కావాలి, ఒప్పుకుంటా. అభివృద్ధి వద్దని నేననట్లేదు. నా జీతం కూడా అలాంటి ఒక ప్లాంటు కోసం రాసిన కోడ్ నుంచే వచ్చింది. కానీ ఊరు పోతే పరిహారంలో లెక్కకి రానివి కొన్ని ఉంటాయి. ఎవరింట్లో గరిజెల అచ్చు ఉంది, పండక్కి ఎవరెవరు కలిసి కూర్చుని ఒత్తుతారు అన్నది ఏ సర్వే నంబరులో ఉంటుంది?

మిగిలిన పోలిష్ కుటుంబాలు కూడా క్రమంగా వారెన్, స్టెర్లింగ్ హైట్స్ లాంటి సబర్బులకి వెళ్ళిపోయాయి. హామ్‌ట్రామిక్‌కి యెమెన్ వాళ్ళు, బంగ్లాదేశీయులు, బోస్నియన్లు వచ్చారు. 2004లో మసీదు అజాన్ మైకులో వినిపించడానికి ఊరి కౌన్సిల్ ఒప్పుకుంటే దేశమంతా వార్త అయ్యింది. 1922లో నగరమైనప్పటి నుంచి మేయర్లందరూ పోలిష్ మూలాలవాళ్ళే. 2021 ఎన్నికల్లో యెమెన్‌లో పుట్టినాయన గెలిచాడు. వెళ్ళిపోయిన పోలిష్ వాళ్ళు మాత్రం ఏడాదికొకసారి, ఆ మంగళవారం నాడు, తెల్లారకముందే వచ్చి జోసెఫ్ కాంపో వీధిలో న్యూ పాలెస్ లాంటి పాత బేకరీల ముందు లైన్ కడతారు.

2025లో నేనూ వెళ్ళాను. మార్చి 4. ఆ వారం ఎలాంటి వారమో చూడండి. ఫిబ్రవరి 26న శివరాత్రి, నేను ఉపవాసం. 27న పోలండ్‌లో కొవ్వు గురువారం. మార్చి 1న రంజాన్ మొదలు. 4న పోంచ్కి మంగళవారం. 5న ఆష్ వెన్స్‌డే. ఎనిమిది రోజుల్లో మూడు మతాల ఉపవాసాలు! మా ఊరికి ఇది కొత్తేం కాదు లెండి. ఆరు కిలోమీటర్ల దూరంలో కొలనుపాక. అక్కడ జైన మందిరం ఉంది, వీరశైవుల సోమేశ్వరాలయం ఉంది. పర్యూషణ్ వాళ్ళు, శివరాత్రి వాళ్ళు అదే దారిలో పోతారు. ఆలేరులో రంజాన్ ఉండేవాళ్ళు మా స్కూల్ బెంచీ మీదే ఉండేవాళ్ళు.

చీకట్లో, చలిలో గంటకు పైగా నిలబడ్డా. నా ముందున్న ఆవిడ మనవరాలితో వచ్చింది. "లెంట్ పాటిస్తారా?" అని అడిగా. నవ్వి, "మా అమ్మ పాటించేది" అంది. మరి ఇంత చలిలో ఎందుకు? "మా అమ్మ కూడా ఈ వీధిలోనే కొనేది." అంతే జవాబు. నా వెనక నిలబడ్డ కుర్రాడు యెమెన్ వాళ్ళబ్బాయి. ఉపవాసంలో ఉన్నాడు. డజను కొని ఇంటికి పట్టుకెళ్ళి సాయంత్రం ఇఫ్తార్‌కి తింటారట. పంది కొవ్వులో వేయిస్తారేమోనని భయం లేదా అన్నా. అడిగే కొంటాం అన్నాడు. ఆ అనుమానం నాకూ ఉండి లోపలికెళ్ళాక నేనూ అడిగా. అతనూ నేనూ ఒకే ప్రశ్న, వేరే వేరే కారణాలకి.

ఆ అబ్బాయికి బార్కాస్ గురించి చెప్పాను. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు ఉండే బ్యారక్స్ కాబట్టి హైదరాబాద్‌లో ఆ పేటకి బార్కాస్ అని పేరొచ్చిందని, వాళ్ళతో వచ్చిన హరీస్ వంటే మన చేతుల్లో మసాలాలు పడి హలీం అయ్యిందని. ఉపవాసం వదిలేవాళ్ళ వంట ఊరందరి వంట అయ్యింది. 2010లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రంజాన్ నెలలో హైటెక్ సిటీ నుంచి హలీం కోసం బయల్దేరే టీముల్లో ఎంతమంది రోజా ఉంటారు చెప్పండి? హామ్‌ట్రామిక్ లైన్లో జరిగేదీ అదే. ఉపవాసం చాలామందికి పోయింది, దాని ముందు రోజు విందు మిగిలింది.

దీన్ని కొందరు దిగజారుడు అంటారు. అర్థం తెలియకుండా తిండి మాత్రం పట్టుకున్నారని. నేను ఒప్పుకోను. ఇల్లు, వీధి, భాష, చర్చి ఒక్కొక్కటే జారిపోయిన మనుషులకి ఆఖరుకి చేతిలో మిగిలింది ఒక వేడి పోంచ్కి అయితే, దాని కోసం చలిలో నిలబడటం తిండిపోతుతనం కాదు. ఆ వీధిలోకి రావడానికి అదొక కారణం. ఇంకో కారణం వాళ్ళకి లేదు.

కానీ ఏమాటకామాటే చెప్పాలి. లైన్లో నిలబడి కొనేవాళ్ళు వేలమంది ఉన్నారు, ఇంట్లో చేసేవాళ్ళు ఎంతమంది? మా టీం పెద్దాయనని అడిగితే, "మా అమ్మతో ఆఖరు. ఆవిడ కొలతలు రాసి పెట్టలేదు, మేం అడగలేదు" అన్నాడు. బేకరీ మూతపడిన రోజు ఆయన పోంచ్కి కూడా ఆగిపోతుంది. కోడ్ మొత్తం ఒక్క మనిషి బుర్రలో ఉండి డాక్యుమెంటేషన్ లేకపోతే ఏమవుతుందో మనకి తెలియని విషయమా?

మళ్ళీ ఆలేరు పొయ్యి దగ్గరికి వద్దాం. ఇప్పుడు మా ఊళ్ళో కూడా పిండివంటలు ఆర్డరు మీద చేసిచ్చే ఆడవాళ్ళు ఉన్నారు. సకినాలు, గరిజెలు, మడుగులు కిలోల లెక్కన కట్టి కొరియర్‌లో అమెరికా పంపిస్తారు. డెట్రాయిట్‌లో నాకొచ్చిన డబ్బా కూడా అలాంటిదే. అమ్మ చేసిందనుకుని తిన్నా. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేక రెండేళ్ళుగా బయట చేయించి పంపిందట. నాకు మొన్ననే తెలిసింది. నాకు తేడా తెలియలేదు చూశారా, నా సిగ్గంతా అదే. ఈసారి నేను వచ్చానని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని ఒత్తుతోంది.

"నేను చేస్తా, చెప్పు" అన్నా. అమ్మ నమ్మలేదు. మైదా ఎంత అంటే "సరిపోయేంత" అంది. అడుగడుగునా ఆపి గ్లాసుతో కొలిచి రాసుకున్నా. పుట్నాల పప్పు పొడి, ఎండు కొబ్బరి, చక్కెర, గసగసాలు, యాలకులు. అంచుకి నీళ్ళ తడి. మొదటి నాలుగు గరిజెలు నూనెలో విచ్చుకుని పొడంతా మాడి నూనె నల్లబడింది. "గట్లనే అయితది. మీ నానమ్మ నన్నెన్ని తిట్టిందో" అంది అమ్మ. ఐదోది నిలబడింది. అంచు వంకరగా ఉంది కానీ విచ్చుకోలేదు. అమ్మ దాన్ని తీసి పక్కన వేరే గిన్నెలో పెట్టింది. సాయంత్రం నాన్న వచ్చాక "గిది నీ కొడుకు జేసిండు" అని చూపించడానికి.

ఇంతకీ మీ ఇంట్లో ఏ వంట ఒక్కరి చేతిలోనే ఉండిపోయింది? ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఒక గ్లాసు, ఒక కాగితం పట్టుకుని పక్కన కూర్చోండి. "సరిపోయేంత" అంటే ఎంతో అడగండి.